పాట మిగిలింది, దుకాణం మూతపడింది

1921 జులై 20న లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ వీధిలో, 363వ నంబరు భవనంలో ఒక దుకాణం తెరుచుకుంది. ప్రారంభోత్సవానికి వచ్చింది నాటి ప్రసిద్ధ స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్. అక్కడ అమ్మేవి గ్రామఫోన్లు, వాటి మీద పెట్టుకునే రికార్డులు. గ్రామఫోన్ బూర ముందు కూర్చుని వింటున్న కుక్క బొమ్మ ఆ సంస్థ గుర్తు. అదే హెచ్‌ఎంవి. పాత రికార్డుల అట్టల మీద ఆ బొమ్మను చూసిన తెలుగువారు తక్కువేమీ కాదు.

తర్వాత దాదాపు 80 ఏళ్ల పాటు బ్రిటన్‌లో ప్రతి పట్టణం ప్రధాన వీధిలోనూ పాటల దుకాణం ఒకటైనా ఉండేది. శనివారం మధ్యాహ్నం కుర్రకారు చేరే చోటు అదే. 2008 తర్వాత ఆ దుకాణాలు వరుసగా మూతపడ్డాయి. ఎందుకని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: ఇంటర్నెట్ వచ్చింది, అందరూ పాటలు ఉచితంగా దించుకున్నారు. ఈ జవాబులో నిజం ఉంది కానీ అది సగమే. మిగతా సగం తెలియాలంటే ధ్వనిని భద్రపరిచే పద్ధతి ఎలా మారిందో, చిన్న దుకాణం ఆదాయవ్యయాల లెక్క ఎలా ఉంటుందో రెండూ చూడాలి.

లక్కతో మొదలైన వ్యాపారం

ధ్వని అంటే గాలిలో కలిగే ఒత్తిడి మార్పు. ఆ మార్పును ఒక గట్టి పదార్థం మీద గీతగా గీయగలిగితే, అదే గీత మీద ముల్లును నడిపించి ధ్వనిని మళ్లీ పుట్టించవచ్చు. ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటుకు దరఖాస్తు చేసిన గ్రామఫోన్ సూత్రం ఇదే. పళ్లెంలాంటి బిళ్ల మీద చుట్లు చుట్లుగా సాగే సన్నని గాడి ఉంటుంది. ధ్వని ఎలా కంపించిందో ఆ గాడి కూడా అలాగే అటూ ఇటూ వంకరలు తిరుగుతుంది.

ఈ బిళ్లలను దేనితో చేయాలన్న ప్రశ్నకు జవాబు భారతదేశంలో దొరికింది. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మలను పట్టుకుని రసం పీల్చే లక్క పురుగులు తమ చుట్టూ ఒక జిగురును స్రవిస్తాయి. దాన్ని గీకి, కడిగి, కరిగించి శుద్ధి చేస్తే వచ్చేదే షెల్లాక్. వేడి చేస్తే మెత్తబడి అచ్చులోని సన్నని గీతలన్నిటినీ పట్టుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. దానికి రాతిపొడి వంటివి కలిపి నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు చేసేవారు. లండన్ వీధిలో అమ్ముడైన రికార్డులో ఛోటానాగ్‌పూర్ అడవి పంట ఉండేదన్నమాట. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ ఏర్పడిందంటే ఆ పంటకు ఉన్న గిరాకీని ఊహించవచ్చు.

షెల్లాక్ రికార్డుకు రెండు లోపాలు. కింద పడితే పగిలిపోతుంది. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల పాటే పడుతుంది. 1948లో కొలంబియా సంస్థ వినైల్ ప్లాస్టిక్‌తో ఎల్పీ రికార్డు తెచ్చింది. గాడి సన్నబడింది, వేగం నిమిషానికి 33 చుట్లకు కాస్త ఎక్కువగా తగ్గింది. దాంతో ఒక వైపే 20 నిమిషాలకు పైగా పట్టింది. 'ఆల్బమ్' అన్న సరుకుకు అసలైన రూపం వచ్చింది అప్పుడే. రికార్డు దుకాణాలకు మంచి రోజులు కూడా అప్పుడే మొదలయ్యాయి.

ఈ కాలమంతటా ఒక విషయం మారలేదు. పాట ఒక వస్తువు. దానికి బరువుంది, అది చోటు ఆక్రమిస్తుంది, ఫ్యాక్టరీలో తయారై లారీలో ఊరికి రావాలి. దాన్ని అచ్చంగా మరొకటి చేసుకోవడం ఇంట్లో ఎవరి తరమూ కాదు. దుకాణం బతుకంతా ఈ చిన్న నిజం మీదే నిలబడింది.

అమ్మకం ఒక్కటే కాదు

రికార్డు దుకాణం చేసిన మరో పని లెక్కల పుస్తకంలో కనిపించదు. కొనే ముందు పాట ఎలా ఉంటుందో కొనుగోలుదారుకు తెలియదు. రేడియోలో వచ్చేవి కొన్ని పాటలే. అందుకే దుకాణాల్లో చిన్న చిన్న గదులు కట్టి, అడిగిన రికార్డును అక్కడే వినిపించేవారు. ఎవరు ఏది కొంటున్నారో, ఏది అడిగి దొరక్క వెళ్లిపోతున్నారో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారికి తెలిసేది.

లివర్‌పూల్‌లో బ్రయాన్ ఎప్‌స్టీన్ అనే యువకుడు తమ కుటుంబానికి చెందిన నెమ్స్ దుకాణంలో రికార్డుల విభాగం చూసేవాడు. 1961లో అతను బీటిల్స్ బృందం మేనేజరు అయ్యాడు. వారి పాటల టేపులు పట్టుకుని లండన్‌లోని కంపెనీల చుట్టూ తిరిగినా ఫలితం లేకపోయింది. 1962 ఫిబ్రవరిలో ఆ టేపులను డిస్కుల మీదికి ఎక్కించుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ వీధిలోని హెచ్‌ఎంవి దుకాణానికి వెళ్లాడు. డబ్బు కట్టి డిస్కు గీయించుకునే సౌకర్యం అప్పుడు అక్కడ ఉండేది. డిస్కు గీస్తూ ఆ పాటలు విన్న ఉద్యోగి వాటిని మెచ్చి, అదే భవనంలో ఉన్న సంగీత ప్రచురణ విభాగానికి పరిచయం చేశాడు. అక్కడి నుంచి విషయం నిర్మాత జార్జ్ మార్టిన్ దాకా వెళ్లింది. తర్వాతి కథ ప్రపంచానికి తెలిసిందే. సంగీతం గురించి తెలిసినవాళ్లు, సంగీతం కావలసినవాళ్లు ఒకే కప్పు కింద ఎదురుపడటం వల్ల జరిగే మేలుకు ఇది ఒక ఉదాహరణ.

పాట అంకెలైంది

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి కాంపాక్ట్ డిస్కును మార్కెట్లోకి తెచ్చాయి. సీడీలో వంకర గాడి ఉండదు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల అంకెగా రాస్తారు. ఈ 44,100 ఊరికే ఎంచుకున్న సంఖ్య కాదు. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని సరిగ్గా తిరిగి నిర్మించాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలని నమూనా సేకరణ సిద్ధాంతం చెబుతుంది. 20,000కు రెట్టింపు 40,000. దాని మీద కొంత వెసులుబాటు కలిపితే ఆ సంఖ్య వస్తుంది. ఈ అంకెలు డిస్కులో కంటికి కనిపించని గుంటలుగా ఉంటాయి. వాటిని లేజర్ కిరణం చదువుతుంది.

సీడీ రాకతో దుకాణాల పంట పండింది. తమ దగ్గరున్న ఎల్పీ ఆల్బమ్‌లనే జనం సీడీలుగా మళ్లీ కొన్నారు. కానీ అసలు మార్పు ఎవరి కంటా పడలేదు. పాట ఇప్పుడు అంకెల వరుస. రికార్డు నుంచి రికార్డుకు, టేపు నుంచి టేపుకు నకలు తీస్తే ప్రతిసారీ నాణ్యత తగ్గుతుంది. అంకెల వరుసకు ఆ తరుగు లేదు. పదో నకలు మొదటిదానితో సమానం. పాటను వస్తువు నుంచి విడదీయడం సూత్రప్రాయంగా 1982లోనే సాధ్యమైంది. అడ్డుగా నిలిచింది దాని పరిమాణం ఒక్కటే.

ఆ అడ్డు ఎంత పెద్దదో చిన్న గుణకారంతో తెలుస్తుంది. సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానళ్లు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. నాలుగు నిమిషాల పాటకు దాదాపు 34 కోట్ల బిట్లు, అంటే 42 మెగాబైట్లు. 1990ల చివర్లో ఇళ్లలో ఉన్న టెలిఫోన్ మోడెమ్ గరిష్ఠ వేగం సెకనుకు 56,000 బిట్లు. ఆ వేగంతో ఒక్క పాట దిగడానికి గంటా 40 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఫోన్ బిల్లు కట్టడం కంటే వీధి చివరి దుకాణానికి నడిచి వెళ్లడమే చవక.

చెవికి వినబడనిది వదిలేస్తే

ఈ లెక్కను తలకిందులు చేసింది ఎంపీ3. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు దీని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. దీనికి ఆధారం విద్యుత్ పరికరాల శాస్త్రం కంటే చెవికి సంబంధించిన శాస్త్రం. పెద్ద శబ్దం మోగుతున్నప్పుడు దానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న చిన్న శబ్దం మనకు వినిపించదు. పెళ్లి పందిట్లో డోలు మోగుతుంటే పక్కవాడి గొణుగుడు వినపడనట్టు. దీన్ని శబ్దావరణం అనవచ్చు. గట్టి శబ్దానికి కాస్త ముందూ వెనకా వచ్చే మెల్లని శబ్దాలు కూడా ఇలాగే కప్పబడిపోతాయి. చెవికి ఎలాగూ అందని వివరాలను వదిలేసి, అందేవాటికి మాత్రమే బిట్లు ఖర్చు పెట్టడం ఎంపీ3 చేసే పని.

సెకనుకు 1,28,000 బిట్ల ఎంపీ3 ఫైలు సీడీలోని సమాచారంలో పదకొండో వంతు మాత్రమే. నాలుగు నిమిషాల పాట 4 మెగాబైట్లలోపే సర్దుకుంటుంది. అదే మోడెమ్ మీద అది 9 నిమిషాల్లో దిగుతుంది. సెకనుకు 20 లక్షల బిట్ల బ్రాడ్‌బ్యాండ్ ఉంటే 15 సెకన్లు చాలు. 1999లో నాప్‌స్టర్ వచ్చి, ఒకరి కంప్యూటర్‌లోని ఫైళ్లను మరొకరు వెతికి తీసుకునే మార్గం చూపింది. కోర్టు తీర్పుల తర్వాత 2001లో అది ఆగిపోయింది కానీ అప్పటికే అలవాటు పాతుకుపోయింది. ఐట్యూన్స్ దుకాణం 2003లో అమెరికాలో, 2004లో బ్రిటన్‌లో తెరుచుకుంది. 2008లో స్పాటిఫై మొదలైంది. దాంతో పాటను దించుకోవడం కూడా అనవసరమైంది.

అమ్మకాలు పెరిగినా మూతపడిన దుకాణాలు

ఇక్కడితో ఆపితే కథ సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఒక తేదీ దీనికి ఎదురు నిలుస్తుంది. బ్రిటన్‌లో ఆల్బమ్ అమ్మకాలు శిఖరానికి చేరింది 2004లో. ఆ ఏడాది 16 కోట్లకు పైగా ఆల్బమ్‌లు అమ్ముడయ్యాయి. ఒక దశలో 300కు పైగా దుకాణాలు నడిపిన అవర్ ప్రైస్ సంస్థ కనుమరుగైంది కూడా అదే 2004లో. జనం పాటలు ఎన్నడూ లేనంతగా కొంటున్నప్పుడే పాటల దుకాణం ఎందుకు మూతపడింది?

మొదటి కారణం సూపర్‌మార్కెట్లు. పాలు, రొట్టెలు అమ్మే పెద్ద గొలుసు దుకాణాలు బాగా అమ్ముడుపోయే కొద్దిపాటి ఆల్బమ్‌లను మాత్రమే తెచ్చి, చాలా తక్కువ లాభానికి అమ్మాయి. వాటికి సీడీ ఒక ఎర. దాని కోసం వచ్చినవారు బండినిండా సరుకులు కొనుక్కుని వెళితే చాలు. రికార్డు దుకాణానికి అలా కాదు. అక్కడ వేల రకాల ఆల్బమ్‌లు బీరువాల్లో ఉంటాయి. వాటిలో చాలావరకు ఏడాదికి ఒకటో రెండో పోతాయి. వాటి అద్దె భారాన్ని మోసేది వారానికి వందల్లో అమ్ముడుపోయే కొత్త హిట్లే. సూపర్‌మార్కెట్లు తన్నుకుపోయింది సరిగ్గా ఆ హిట్లనే.

రెండో కారణం పన్ను. బ్రిటన్ ప్రధాన భూభాగానికి ఆవల ఉన్న ఛానల్ దీవుల నుంచి వచ్చే తక్కువ ఖరీదు పొట్లాలకు అమ్మకపు పన్ను మినహాయింపు ఉండేది. చాలాకాలం ఆ పరిమితి 18 పౌండ్లు. సీడీ ధర దానికి లోపే. దాంతో ఆన్‌లైన్ సంస్థలు ఆ దీవుల నుంచి సీడీలు పంపడం మొదలుపెట్టాయి. అదే సీడీని వీధిలోని దుకాణం పన్ను కలిపి అమ్మాలి. 2012 ఏప్రిల్ 1న ఛానల్ దీవుల సరుకుకు ఈ మినహాయింపు రద్దయింది. అప్పటికి చాలా దుకాణాలు మిగల్లేదు.

మూడోది స్థిర వ్యయం. ప్రధాన వీధిలో అద్దె, దుకాణం విలువను బట్టి స్థానిక సంస్థ వేసే పన్ను, జీతాలు, కరెంటు ఇవన్నీ అమ్మకాలతో సంబంధం లేకుండా కట్టాల్సినవి. అనేక అద్దె ఒప్పందాల్లో కొన్నేళ్లకోసారి అద్దెను పెంచడమే తప్ప తగ్గించడం ఉండదు. ఇలాంటి చోట చిన్న తరుగు ఎంత దెబ్బ తీస్తుందో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. ఒక దుకాణం నెలకు 1,000 డిస్కులు అమ్మి, ఒక్కోదాని మీద 4 పౌండ్లు మిగుల్చుకుంటుందనుకుందాం. వచ్చేది 4,000 పౌండ్లు. స్థిర ఖర్చులు 3,600 పౌండ్లు. నెలకు 400 లాభం. అమ్మకాలు 15 శాతం తగ్గాయి. ఇప్పుడు 850 డిస్కులకు వచ్చేది 3,400. నెలకు 200 నష్టం. నూటికి 85 మంది ఇంకా దుకాణానికే వస్తున్నా తాళం పడక తప్పదు. మూతపడే రోజు దాకా దుకాణం కిటకిటలాడుతూనే ఉంది కదా అని పాత కొనుగోలుదారులు ఆశ్చర్యపడటానికి కారణం ఇదే.

ఒకటి కూలితే మరొకటి

2008 నవంబరులో ఆర్థిక సంక్షోభం మధ్య వూల్‌వర్త్స్ సంస్థ చేతులెత్తేసింది. మిఠాయిల నుంచి బట్టల దాకా అమ్మే ఆ సంస్థకు బ్రిటన్‌లో 800కు పైగా దుకాణాలు ఉండేవి. చిన్న పట్టణాల్లో ఎందరో పిల్లలు తమ మొదటి రికార్డు కొన్నది అక్కడే. 2009 జనవరి 6 నాటికి అన్నీ మూతపడ్డాయి. దానికో అనుబంధ సంస్థ ఉండేది. ఇతర దుకాణాలకు సీడీలు, డీవీడీలు టోకున సరఫరా చేయడం దాని పని. అది కూడా కూలడంతో, వర్జిన్ మెగాస్టోర్స్ నుంచి పేరు మార్చుకున్న జావీ దుకాణాలకు క్రిస్మస్ ముందు సరుకు అందలేదు. 2008 డిసెంబరు 24న జావీ కూడా దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2013 జనవరిలో హెచ్‌ఎంవి వంతు వచ్చింది. చేతులు మారి నిలదొక్కుకున్నట్టే కనిపించి, 2018 డిసెంబరులో మళ్లీ పడింది. 2019లో కెనడాకు చెందిన సన్‌రైజ్ రికార్డ్స్ దాన్ని కొన్నది.

భారతదేశంలో ఇదే కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ ఎల్పీని పక్కకు నెట్టింది సీడీ కంటే ముందు క్యాసెట్. 1980లలో చవక క్యాసెట్లు పాటను చిన్న ఊళ్లకూ బడ్డీ కొట్లకూ చేర్చాయి. తెలుగు పట్టణాల్లో కాగితం మీద పాటల జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చే షాపులు ఉండేవి. తర్వాత సెల్‌ఫోన్ దుకాణాల్లో మెమొరీ కార్డులోకి పాటలు వేయించుకోవడం వచ్చింది. 2016లో మొబైల్ డేటా చవకయ్యాక ఆ పని కూడా పోయింది. కోల్‌కతా పార్క్ వీధిలోని మ్యూజిక్ వరల్డ్ 2013లో, 1940ల నుంచి నడిచిన ముంబయి కాలాఘోడాలోని రిథమ్ హౌస్ 2016లో మూతపడ్డాయి.

మళ్లీ తిరుగుతున్న పళ్లెం

అయినా రికార్డు దుకాణం పూర్తిగా అంతరించలేదు. కార్డిఫ్‌లో 1894లో మొదలైన స్పిల్లర్స్ రికార్డ్స్ ఇప్పటికీ నడుస్తోంది. 2008లో అమెరికాలో మొదలై బ్రిటన్‌కు కూడా వ్యాపించిన 'రికార్డు స్టోర్ డే' నాడు తెల్లవారుజాము నుంచే జనం బారులు తీరతారు. 2022లో బ్రిటన్‌లో వినైల్ రికార్డుల మీద వచ్చిన ఆదాయం సీడీల ఆదాయాన్ని దాటింది. 2024లో 67 లక్షల దాకా వినైల్ ఆల్బమ్‌లు అమ్ముడయ్యాయి. 2023 నవంబరులో హెచ్‌ఎంవి ఆక్స్‌ఫర్డ్ వీధిలోని తన పాత 363వ నంబరుకు తిరిగి వచ్చింది. అయితే 2004 నాటి 16 కోట్ల పక్కన ఈ సంఖ్య చిన్నదే. బతికిన దుకాణాలు పాటను అమ్మడం లేదు. పాట ఫోన్‌లో ఎలాగూ ఉంది. అవి అమ్మేది చేతిలో పట్టుకునే వస్తువును, పలకరింపును, కాఫీని, సాయంత్రం చిన్న కచేరీని.

దుకాణదారు చేసిన సిఫారసు పనిని ఇప్పుడు అల్గారిథమ్‌లు చేస్తున్నాయి. ఒకే రకం పాటలు విన్నవారిని గుర్తించి, ఒకరు విన్నది మరొకరికి చూపించడం వాటి పద్ధతుల్లో ముఖ్యమైనది. లక్షలమంది విన్న పాటకు ఇది బాగా పనిచేస్తుంది. ఇంకా ఎవరూ వినని పాటకు ఆధారంగా తీసుకునే సమాచారమే ఉండదు. అందువల్ల కొత్త గాయకుడు, చిన్న భాష, మారుమూల బాణీ వెనకబడిపోయే ప్రమాదం ఉంది. దుకాణదారుకు ఒక పాటను సిఫారసు చేయడానికి అది ఒక్కసారి వినడం చాలు.

ఎక్కువ ఆలోచించాల్సింది భద్రత గురించి. ప్రచురించిన ప్రతి పుస్తకం ప్రతిని జాతీయ గ్రంథాలయానికి ఇవ్వాలని బ్రిటన్‌లోనూ భారత్‌లోనూ చట్టం ఉంది. భారత్‌లో ఆ చట్టం 1954 నాటిది. రెండు దేశాల్లోనూ ఆ నిబంధన సంగీత రికార్డులకు వర్తించదు. కాబట్టి ఒక పాత పాట ఈరోజు దొరుకుతోందంటే చాలాసార్లు కారణం ఎక్కడో ఒక ఇంట్లో, ఒక సేకర్త బీరువాలో, ఒక పాత సామాన్ల కొట్లో దాని ప్రతి మిగిలి ఉండటమే. వేల ప్రతులు వేల ఇళ్లకు చేరడమే దానికి రక్షణ. ఆ పంపిణీ చేసింది దుకాణాలు. తామొక గ్రంథాలయానికి పునాది వేస్తున్నామని వాటికి తెలియదు.

పాట ఒకే సంస్థ సర్వర్లలో ఉంటే ఆ రక్షణ ఉండదు. 2003 నుంచి 2015 వరకు జనం తన వేదిక మీద పెట్టిన సంగీతం సర్వర్ల మార్పిడిలో పోయిందని 2019లో మైస్పేస్ సంస్థ వెల్లడించింది. వాటిలో ఎన్నిటికో మరో ప్రతి లేదు. పాత వస్తువులు కూడా శాశ్వతం కావు. షెల్లాక్ పెళుసు. అయస్కాంత టేపులోని బంధక పదార్థం గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. మన తేమ వాతావరణంలో ఇది మరింత వేగంగా జరుగుతుంది.

అందుకే తాతల కాలపు పెట్టెల్లోని పద్యనాటకాల రికార్డులు, కచేరీల టేపులు, ఊరి బుర్రకథల క్యాసెట్లు పాత ఇనుముకు వేయదగినవి కావు. పొడిగా, చల్లగా, నిలువుగా ఉంచితే వాటి ఆయుష్షు పెరుగుతుంది. సమయానికి అంకెల్లోకి మార్చి, ఒకటికి మించిన చోట్ల దాచి, ఎవరు పాడారో ఎప్పుడు పాడారో రాసిపెడితే అవి తర్వాతి తరానికి చేరతాయి. ఒకప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒక దుకాణం తెలియకుండానే చేసిన ఆ పనిని ఇకపై ఎవరో ఒకరు తెలిసి చేయాలి.